ఎడమ చెయ్యి

ఆయన ఆమె చొక్కా విప్పే తీరులో ఒక నిదానం ఉండేది. ఆ నిదానానికే ఆమె మనసు పారేసుకుంది.

సాయంత్రం ఇద్దరూ పనుల నుంచి తిరిగొచ్చాక, దీపం కూడా వెయ్యకుండా, తెర వెనక నుంచి వచ్చే పలచటి వెలుతురులో ఆయన ఆమెకి ఎదురుగా నిలబడి గుండీలు ఒక్కొక్కటే తీసేవాడు. ముందు కుడి భుజం మీంచి బట్ట జార్చి కుడి చెయ్యి బయటికి తీసేవాడు. మెడ వంపులో ఒక్కసారి పెదవులు ఆనించేవాడు. చొక్కాని వీపు చుట్టూ అవతలి పక్కకి తెచ్చి, ఎడమ మోచేతి కింద తన అరచెయ్యి ఆసరాగా పెట్టి, నిద్రపోతున్న పసిపిల్లని ఒళ్ళోంచి దించినంత మెత్తగా ఆ చేతిని చివర తీసేవాడు. అది బయటికి వచ్చేసరికి ఆమె ఆయన భుజానికి తల ఆనించేసేది.

నలభయ్యో ఏట పెళ్ళాడిన మనిషి ఆమె. ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్ళ చేతుల్నీ, విరిగి అతుక్కున్న కాళ్ళనీ మళ్ళీ దారిలో పెట్టడం ఆమె ఉద్యోగం. గది నిండా చక్రాల కుర్చీలూ, రబ్బరు బంతులూ, గోడ పొడుగునా పట్టుకుని నడిచే కడ్డీ. ఎవరినీ ఊరుకోనివ్వదని పేషెంట్లు ఆమెకి 'డ్రిల్లు టీచరు' అని పేరు పెట్టారు. పొద్దస్తమానం ఇతరుల ఒళ్ళు తాకుతూ ఉండే ఆమెని తాకిన చెయ్యి ఏళ్ళ తరబడి లేదు. అందుకే పెళ్ళయ్యాక ముఖంలో వచ్చిన కళ చూసి చెల్లెలు, "బావగారు లిఫ్టులు బాగుచేస్తారన్నావు గాని, మనుషుల్ని కూడా పై అంతస్తుకి చేరుస్తారని చెప్పలేదేమే?" అని ఆట పట్టించింది. ఆమె సిగ్గుపడి కసురుకుంది.

ఆయన లిఫ్టు మెకానిక్. వాళ్ళ ఆసుపత్రి లిఫ్టు మొరాయించినప్పుడు వచ్చాడు. మూసుకుంటున్న తలుపుల మధ్య ఆమె అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టబోతే మణికట్టు పట్టుకుని ఆపాడు. చెయ్యి తగిలితే తలుపు దానంతటదే వెనక్కి పోతుంది కదా అని ఆమె అంది. "మేం పోయేట్టు పెడితే పోతుందండీ," అని నవ్వాడు. పెళ్ళెందుకు కాలేదని తరవాతెప్పుడో అడిగితే, అంతస్తుల మధ్య తిరగడంతోనే సరిపోయింది, ఆడవాళ్ళ సంగతి చూసే తీరిక లేకపోయింది అన్నాడు. అమ్మానాన్నలు పోయారు. అక్క ఒక్కతే ఉంది. ఊరికి అవతలి కొసలో బట్టలుతికి ఇస్త్రీ చేసే దుకాణం నడుపుతుంది. ఆమెకి అంతకన్నా తెలుసుకోవాలనిపించలేదు.

ఒకరోజు ఆసుపత్రికి ఒక కోడలు తన అత్తగారిని తీసుకొచ్చింది. అత్తగారికి ఎడమ పక్క పడిపోయింది. ఇంట్లో బట్టలు మార్చడం ఎలాగో కోడలికి నేర్పాలి. కోడలు చొక్కా పట్టుకుని తంటాలు పడుతుంటే అత్తగారు, "చెయ్యి పడిపోయింది గాని నోరు పడిపోలేదే, పీకితే అరుస్తాను," అని బెదిరించింది. పక్క కుర్చీల్లో వాళ్ళు నవ్వారు.

డ్రిల్లు టీచరు తను ఎన్నో వందల సార్లు చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది. తొడిగేటప్పుడు బాగాలేని చెయ్యి ముందు. తీసేటప్పుడు బాగాలేని చెయ్యి చివర. మణికట్టు పట్టి లాగకూడదు, మోచేతి కింద అరచెయ్యి పెట్టాలి. చేసి చూపించింది. కుడి చెయ్యి తీసింది, చొక్కాని వీపు చుట్టూ తిప్పింది, ఎడమ మోచేతి కింద అరచెయ్యి పెట్టింది.

అక్కడ ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ పట్టు ఆమెకి తెలుసు. చేతితో తెలుసు, అంతకన్నా ఎక్కువగా ఒంటితో తెలుసు.

"ఇది అలవాటు కావడానికి ఎన్నాళ్ళు పడుతుంది మేడమ్?" అని కోడలు అడిగింది.

"రోజూ చెయ్యాలి. ఏడాదో, ఇంకా పైనో. తరవాత మీరు ఆలోచించక్కర్లేదు, మీ చేతులే చేసుకుపోతాయి," అని ఆమె జవాబు చెప్పింది. చెప్పాక తన గొంతే తనకి ఎవరిదోలా వినిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె కావాలని పక్కకి తిరిగి, ఎడమ భుజం ఆయనకి దగ్గరగా ఉండేట్టు నిలబడింది. ఎవరైనా చేతికి దగ్గరున్నదే ముందు విప్పుతారు. ఆయన చిన్నగా నవ్వి, ఆమె చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి కుడి భుజంతో మొదలుపెట్టాడు. మర్నాడు పొద్దున కోటు పట్టుకుని వెనక నిలబడ్డప్పుడు ముందుగా అందించింది ఎడమ చెయ్యి దూర్చే వైపు. ఒకటి కనిపించాక మిగతావన్నీ వరసగా బయటపడ్డాయి. కాఫీ కప్పు ఎప్పుడూ ఆమె కుడివైపే పెడతాడు. మెట్లు దిగేటప్పుడు ఎప్పుడూ ఎడమ పక్కనే ఉండి మోచెయ్యి కింద పట్టుకుంటాడు. బజారు సంచీ ఆమె ఎడమ చేతిలో ఉంటే మాట్లాడకుండా తీసుకుంటాడు. ఇవన్నీ చెల్లెలితో మురిసిపోతూ చెప్పుకున్న ముచ్చట్లే. ఇప్పుడు వాటి మధ్యలో, తనకీ ఆయనకీ నడుమ, ఎడమ చెయ్యి బాగాలేని ఇంకో ఆడది నిలబడినట్టు అనిపించింది. ఆమె ముఖం కనపడదు. చెయ్యి మాత్రం తన చెయ్యి ఉన్నచోటే ఉంది.

రెండు మూడు రోజులు ఓపిక పట్టి, భోజనాల దగ్గర, మాటల్లో మాటగా అడిగింది. మీ ఇంట్లో ఎవరికైనా చెయ్యి బాగుండేది కాదా అని.

ఆయన తినడం ఆపాడు. గ్లాసు తీసి నీళ్ళు తాగాడు. "ఎందుకు?" అన్నాడు.

ఊరికే అంది.

"నీకు మనుషులంతా పేషెంట్లలాగే కనిపిస్తారు," అని నవ్వాడు. కంచాలు తనే తీశాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, మణికట్టు నుంచి పైకి ముద్దులు పెట్టుకుంటూ పోయాడు. మోచేతి మడతలో బొటనవేలు పెట్టి, ఎముక ఎక్కడ ఎలా కలుస్తుందో చూస్తున్నట్టు మెల్లగా నొక్కాడు. నొప్పి లేదు. ఒళ్ళు జల్లుమంది. ఎప్పటిలాగే ఊపిరి బరువెక్కింది, మెడ వెనక్కి వాలింది. భయం వేస్తోంది. అయినా ఒళ్ళు భయం మాట వినడం లేదు. తన ఒళ్ళు తన పక్షాన లేదని ఆమెకి తెలిసిన రోజు అది. ఆయన వెచ్చటి శ్వాస చంకదాకా వచ్చింది. ఆమె కళ్ళు తెరిచి చూస్తే, ఆయన ఆమె ముఖం వంక కాదు, చేతి వంకే చూస్తున్నాడు.

ఇక లాభం లేదనుకుని ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి ఆడపడుచు దుకాణానికి వెళ్ళింది. లోపల ఆవిరి, సబ్బు వాసన. పై నుంచి వేలాడే కోట్లకీ గౌన్లకీ పల్చటి ప్లాస్టిక్ కవర్లు, మెడ దగ్గర గుచ్చిన చీటీలు. ఆడపడుచు మొరటు మనిషి, నవ్వితే మంచి మనిషి. మరదల్ని చూసి, "ఏం మరదలా, మా వాడి చొక్కాలు ఇస్త్రీ చేసే ఓపిక అప్పుడే అయిపోయిందా?" అంది.

ఆమె కూర్చోకుండానే అడిగేసింది. మీ తమ్ముడు ఇంతకుముందు ఎవరినైనా చూసుకున్నాడా, ఎడమ చెయ్యి బాగాలేని మనిషిని?

ఆడపడుచు తడుముకోలేదు. "మా అమ్మని. పక్షవాతం. ఎడమ పక్క. వాడే చేశాడు అన్నీ," అంది.

ఆ మాటతో ఆమెకి కూర్చోవాలనిపించింది. కూర్చుంది. గుండెల మీంచి ఒక బండ దిగినట్టయింది. తల్లికి సేవ చేసిన చేతులు. ఇన్నాళ్ళూ తను వాటికి భయపడింది. ఇంటికెళ్ళి ఆయన్ని కావలించుకుని ఏడవాలనిపించింది. ఏడవడానికి ముందు, వృత్తి మనిషి కనుక, ఆ చెయ్యి ఎలా ఉండేదని అడిగింది. పేషెంట్ల బంధువుల్ని రోజూ అడిగే ప్రశ్నే.

ఆడపడుచు మాటలతో చెప్పలేక లేచి నిలబడి చూపించింది. ఎడమ మోచెయ్యి సగం వంచి, ఒంటికి ఎడంగా పెట్టి, అరచెయ్యి పైకి తిప్పబోయి తిరగనట్టు మధ్యలో ఆపింది. "ఇలా ఉండిపోయేది. చాపలేదు, తిప్పలేదు. వేళ్ళు మాత్రం బ్రహ్మాండంగా ఆడేవి. ఒళ్ళో పెట్టుకుని స్వెట్టర్లు అల్లేది," అంది.

డ్రిల్లు టీచరు ఆ చెయ్యి వంక చూస్తూ ఉండిపోయింది. పక్షవాతం చెయ్యి ఏళ్ళు గడిస్తే గుండెకేసి ముడుచుకుంటుంది. పిడికిలి బిగుసుకుపోతుంది. ముందు పోయేవి వేళ్ళే, చిట్టచివర వచ్చేవీ వేళ్ళే. వేళ్ళతో స్వెట్టరు అల్లే చెయ్యి పక్షవాతం చెయ్యి కాదు.

"వదినా," అంది, గొంతు తగ్గించి. "అది పక్షవాతం కాదు. మోచెయ్యి నలిగి, అడ్డదిడ్డంగా అతుక్కున్న చెయ్యి. ఎవరిది?"

ఆడపడుచు ఇస్త్రీపెట్టె ఆపింది. తీగ పీకింది. వెళ్ళి దుకాణం తలుపుకి గడియ పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. అప్పుడు చెప్పింది.

వాడికి ఇదివరకే ఒక పెళ్ళయింది. ఆ పిల్ల పుట్టింటికి పోతానని పెట్టె సర్దుకుని బయల్దేరిన రోజు, వాళ్ళ భవనం లిఫ్టు తలుపు ఆమె చేతి మీద పడింది. ఆ తలుపుని ముందురోజే వాడు బాగుచేశాడు. బాగు చేశాడో, ఏం చేశాడో. ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆసుపత్రిలో పెళ్ళాం పక్కన వాడు కూర్చున్నట్టు ఏ మొగుడూ కూర్చోడు. ఇంటికొచ్చాక తినిపించాడు, తల దువ్వాడు, స్నానం చేయించాడు, బట్టలు తొడిగాడు. పుట్టింటి మాట మళ్ళీ రాలేదు. చుట్టుపక్కలవాళ్ళు వాణ్ణి చూపించి తమ మొగుళ్ళని తిట్టుకునేవాళ్ళు.

"వాడు పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషంగా ఉండటం నేను చూళ్ళేదమ్మా. చెయ్యి కాస్త స్వాధీనంలోకి వచ్చాక ఆ పిల్ల ఒకరోజు తన గుండీలు తనే పెట్టుకుని నాకు చూపించింది. వాడు అక్కడే ఉన్నాడు. ముఖం మాడిపోయింది. ఆ వారమే మెట్ల మీంచి పడింది. మళ్ళీ అదే చెయ్యి."

పడిందా అని మరదలు అడగలేదు. ఆడపడుచు కూడా ఆ మాట దాటేసింది. ఆ పిల్లని తనే ఒక ఉదయం వాడు పనిలో ఉండగా బస్సెక్కించిందట. ఎక్కడికో అడగలేదట, తెలిస్తే ఎప్పుడో నోరు జారతానని. మరి నాకెందుకు చెప్పలేదని ఆమె అడిగితే ఆడపడుచు కొంగుతో కాదు, ఎవరిదో ఉతికిన చొక్కాతో కళ్ళు తుడుచుకుంది. వయసొచ్చింది, మారాడనుకున్నానంది. నువ్వు వైద్యం తెలిసినదానివి, నీ దగ్గర కుదురుగా ఉంటాడనుకున్నానంది. నీ చేతులు రెండూ బాగానే ఉన్నాయి కదా అంది.

తిరుగు బస్సులో ఆమెకి ఆ చివరి మాటే మెదులుతూ ఉంది. చేతులు రెండూ బాగానే ఉన్నాయి. అలవాటైన చెయ్యి కొత్త ఒంటి దగ్గర కొన్నాళ్ళే తికమకపడుతుంది. ఆ తరవాత నేర్చుకుంటుంది, అది ఆమె రోజూ చూస్తున్నదే. ఇన్ని నెలలుగా తన ఎడమ చెయ్యి ఆయన మెడ చుట్టూ పడింది, వీపు మీద పాకింది, బరువులు ఎత్తింది. అయినా ఆయన దాన్ని విరిగిన చేతిలాగే తీస్తున్నాడు, విరిగిన చేతిలాగే తొడుగుతున్నాడు. మరిచిపోలేక చేస్తున్న పని కాదు ఇది. మరిచిపోకుండా ఉండటానికి చేస్తున్నది. ముందు ముందు పనికొస్తుందని.

ఆయన పని నుంచి వచ్చేలోగా సర్టిఫికెట్లూ నాలుగు బట్టలూ తీసుకుని చెల్లెలి ఇంటికి పోవాలి, అంతే. ఇంకేం ఆలోచించలేదు.

తలుపు తీసి లోపలికి అడుగుపెట్టేసరికి ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పనిబట్టలు కూడా మార్చలేదు. పెట్టె మూత తీసి పనిముట్లు బల్ల మీద పరిచి, గుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తున్నాడు.

"అక్కకి ఫోన్ చేశాను," అన్నాడు, తలెత్తకుండా. "గొంతు బాగాలేదు. ఏడ్చినట్టుంది."

జలుబేమో అంది ఆమె. తను అక్కడికి వెళ్ళిన సంగతి ఆయనకి తెలుసో తెలియదో ఆ ముఖంలో ఏమీ తెలియలేదు. ఆయన లేచి, చేతులు తుడుచుకుని, ఎప్పటిలాగే కోటు విప్పడానికి వెనక్కి వచ్చి నిలబడ్డాడు. నూనె వాసన, ఆయన ఒంటి వెచ్చదనం. కుడి భుజం మీద చెయ్యి పడింది. నిన్నటిదాకా ఆ చెయ్యి పడితే కళ్ళు మూతలు పడేవి. ఇప్పుడు ఆమెకి తెలియకుండానే ఒళ్ళు వదిలించుకుంది. ఆయన వేళ్ళు బిగిసేలోగా ఎడమ చెయ్యి తనే కోటులోంచి లాగేసుకుంది.

కోటు ఒక్క భుజం మీద వేలాడింది.

"ఎడమది ముందు తీశావే," అన్నాడు ఆయన మెత్తగా. "నొప్పెట్టలేదూ?"

"నాకు నొప్పేం లేదు."

"ఇప్పుడు లేదులే."

ఆ మాటలో కోపం లేదు. జాలి ఉంది, ముద్దు ఉంది. ఆమె పక్కకి జరిగి గోడకి ఆనుకుంది. చలిగా ఉంది, స్నానానికి వేడినీళ్ళు పెట్టండి అంది. తనకి ఏ చిన్న పని చెప్పినా ఆయన కాదనడు. వంటగదిలోకి వెళ్ళాడు. గిన్నెలో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించగానే ఆమె గుమ్మం దాటింది. సర్టిఫికెట్లు లేవు, బట్టలు లేవు. కోటు ఇంకా ఒక్క భుజం మీదే ఉంది.

మెట్లు దిగుతోంది. పట్టుకుని దిగడానికి కడ్డీ ఉంది గాని దాని మీద చెయ్యి వెయ్యలేకపోయింది. చేతులు రెండూ చంకల్లో దాచుకుని, గోడకి భుజం రాస్తూ దిగింది. సగం దిగాక పక్కన గోడ లోపల సన్నగా రొద మొదలైంది. లిఫ్టు. అది తనతో పాటే, తనకన్నా కాస్త ముందుగా, కిందికి పోతోంది.

ఆయన కింద నిలబడి ఉన్నాడు. వీధి తలుపు ఇనప చట్రానికి దళసరి అద్దం. స్ప్రింగు బలమైనది, వదిలితే దడేల్మని మూసుకుంటుంది. ఆయన ఆ తలుపుని బార్లా తెరిచి భుజంతో ఆపి, దారి ఇచ్చాడు.

"చెల్లెలి ఇంటికేగా? వెళ్ళిరా," అన్నాడు.

బయట వీధి, మనుషులు, ఎండ. మూడడుగులు వేస్తే వీధిలో ఉంటుంది. ఆ మూడడుగులూ ఆ తలుపు లోంచి వెయ్యాలి. ఆమె కదలలేదు. ఆయన ఓపిగ్గా నిలబడ్డాడు. తలుపు కొంచెం, వేలెడంత, మూసి మళ్ళీ తెరిచాడు. స్ప్రింగు కిర్రుమంది.

కింది వాటాలో ఉండే ముసలాయన కూరగాయల సంచీతో బయటి నుంచి వచ్చాడు. ఆమె నోట్లోంచి ఎలాగో మాట వచ్చింది. "బాబాయిగారూ, ఈ తలుపు కాస్త మీరు పట్టుకోరూ?"

"అబ్బాయి పట్టుకున్నాడుగా తల్లీ," అన్నాడు ముసలాయన.

"మీరు పట్టుకోండి. మీరే."

ముసలాయన ఇద్దరి ముఖాలూ చూశాడు. ఏమర్థమైందో ఏమో, సంచీ కింద పెట్టి, తలుపు అంచుకి వీపు ఆన్చి నిలబడ్డాడు. భర్త చిరునవ్వుతో పక్కకి తప్పుకున్నాడు. ఆమె చేతులు గుండెలకి అదుముకుని, ఊపిరి బిగబట్టి, ముసలాయన కడుపుకి దాదాపు రాసుకుంటూ బయటపడింది.

"చూసి నడవమనండి బాబాయిగారూ," వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఆవిడకి ఎడమ చెయ్యి బాగాలేదు."

"అయ్యో, ఏమైందమ్మా?" అని ముసలాయన అడుగుతున్నాడు.

ఆమె తిరిగి చూడలేదు. బస్సు ఆగే చోట ఎవరూ లేరు. దూరం నుంచి వస్తున్న బస్సు, చెయ్యెత్తకపోతే ఆగదు. ఆమె ఎడమ చెయ్యి పైకెత్తింది. మోచెయ్యి చాపి, అరచెయ్యి విప్పి, భుజం చెవికి ఆనేదాకా, పేషెంట్ల చేత ఎత్తించినంత పూర్తిగా ఎత్తింది. రోడ్డు అవతల దుకాణంలో మనిషి వింతగా చూశాడు. బస్సు వేగం తగ్గింది. అద్దం తలుపు వెనక ఆయన ఇంకా నిలబడే ఉన్నాడని, ఆ చేతి వంకే చూస్తున్నాడని ఆమెకి వీపు మీద తెలుస్తూనే ఉంది.